అక్కా, నేనూ, నూరేళ్ల దయ్యాలూ

అక్టోబరు నెలంతా రోజుకో హారర్ సినిమా చూడటమనే ఛాలెంజ్ గురించి మీలో చాలామంది వినే ఉంటారు. ఆ నెల 31న హాలోవీన్ కాబట్టి, ఒకటో తేదీన మొదలుపెట్టి ఆ రాత్రికి ముగిస్తారు. చేతికందిన సినిమాలన్నీ వరసపెట్టి చూసేయడంలో పెద్ద మజా ఏమీ ఉండదు. మజా అంతా మనం పెట్టుకునే షరతుల్లోనే ఉంటుంది. కొందరు రోజుకో దేశం అంటారు. కొందరు ఆడవాళ్లు డైరెక్ట్ చేసినవే చూస్తామంటారు. రక్తపిశాచాలు మాత్రమే, బొమ్మలు మాత్రమే, మంచు కురిసే చోట జరిగే కథలు మాత్రమే అని పట్టుబట్టేవాళ్లూ ఉన్నారు.

కొన్నేళ్ల కిందట సెప్టెంబరు చివర్లో మా అక్క ఫోన్ చేసి, "ఈసారి ఆ ఛాలెంజ్ మనిద్దరం చేద్దామే" అంది. నేను వెంటనే ఊ అనలేదు. హారర్ సినిమా అంటే అక్కకి ఎంత భయమో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

చిన్నప్పుడు టీవీలో దయ్యాల సినిమా వస్తే నేను కళ్లు మూసుకునేదాన్ని. అక్క మాత్రం చెవులు మూసుకునేది. రెండు చేతులూ చెవులకి గట్టిగా అదుముకుని, రెప్ప వేయకుండా తెర వైపే చూసేది. అదేంటక్కా, భయమేస్తే కళ్లు కదా మూసుకోవాలి అంటే, "బొమ్మలో ఏముందే, భయమంతా సౌండులోనే ఉంది" అనేది. ఆ మాటలో ఎంత నిజముందో నాకు ఆ అక్టోబరులో గానీ తెలియలేదు.

షరతు కూడా అక్కే పెట్టింది. 1920ల నుంచి 2010ల దాకా పది దశాబ్దాలు, దశాబ్దానికి మూడు సినిమాలు. వరస తప్పకూడదు. ఏ దశాబ్దాన్నీ దాటేయకూడదు. ప్రతి సినిమా మా ఇద్దరిలో ఒకరైనా అంతకుముందు చూడనిదై ఉండాలి. ఆ నెలలో ఒకసారి చూసింది మళ్లీ చూడకూడదు. మిగిలే ఆఖరి రాత్రికి ఏం చూడాలో అప్పుడే తేల్చుకోవాలి.

అప్పటికి ఇద్దరం వేర్వేరు ఊళ్లలో ఉంటున్నాం. ఇళ్లలో అందరూ పడుకున్నాక ఫోన్ కలిపి, ఒకటి రెండు మూడు అనుకుని, ఒకేసారి ప్లే నొక్కేవాళ్లం. ఎంత జాగ్రత్తగా నొక్కినా అక్క సినిమా నాకంటే అర క్షణం ముందుండేది. తెరమీద ఏదో జరగబోతుందనగా, అక్క ఊపిరి బిగబట్టడం నాకు వినిపించేది. ఆ వెంటనే నా తెరమీద అది జరిగేది. అంటే సినిమా నన్ను భయపెట్టకముందే అక్క భయపెట్టేసేది. "ఆపి మళ్లీ సరిగ్గా మొదలుపెడదామా?" అని అడిగితే నేనే వద్దన్నాను. ఆ అర క్షణం నాకు బాగా నచ్చింది.

ఇంకో సంగతి మీద మాత్రం మా ఇద్దరికీ పడలేదు. సినిమా ఎలా తీశారో ముందే చదివేసుకుంటే భయం సగం తగ్గుతుందని అక్క నమ్మకం. అన్నీ ముందే తెలిసిపోతే ఇక చూడటం ఎందుకని నా వాదన. చివరికి రాజీకొచ్చాం. అక్క ఏమైనా చదువుకోవచ్చు, కానీ సినిమా అయ్యేదాకా నోరు విప్పకూడదు. అలా రోజూ సినిమా తర్వాత అక్క చెప్పే కబుర్ల కోసం నేను ఎదురుచూడటం మొదలైంది.

మూకీలతో మొదలు కాబట్టి మొదటి రోజు అక్క మహా ధైర్యంగా ఉంది. సౌండే లేనప్పుడు ఇక భయమేముంది? 1920 నాటి జర్మన్ సినిమా 'ద క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి' చూశాం. అందులో గోడలు వంకర, కిటికీలు వంకర, వీధులు వంకర. వెలుగునీడలు కూడా చాలాచోట్ల దీపాలతో వచ్చినవి కావు, సెట్టు మీద రంగులతో వేసినవి. అక్క మురిసిపోయింది గానీ భయపడలేదు. భయపెట్టింది ఆ తర్వాతది, 1922లో మూర్నౌ తీసిన 'నోస్ఫెరాటు'.

మూకీ అన్నామే గానీ అప్పటి థియేటర్లలో నిశ్శబ్దం ఎక్కడిది? తెర పక్కన ఎవరో ఒకరు పియానో వాయించేవారు, పెద్ద హాళ్లలో ఆర్కెస్ట్రానే ఉండేది. 'నోస్ఫెరాటు'కి మొదట కట్టిన సంగీతం చాలావరకు పోయింది. ఇప్పుడు ఒక్కో ప్రింటులో ఒక్కో సంగీతం ఉంటుంది, తర్వాతి కాలంలో ఎవరో కలిపింది. మా ఇద్దరికీ దొరికినవి వేర్వేరు. ఇలా కాదని ఇద్దరం సౌండ్ పూర్తిగా తీసేసి చూశాం. మాక్స్ ష్రెక్ వేసిన రక్తపిశాచి ఆర్లాక్ నీడ మెట్లెక్కే సీను వచ్చింది. మనిషి కనిపించడు. వంగిన వీపు, పొడుగాటి వేళ్లు, గోడమీద పాకే ఆ నీడ, అంతే. ఫోన్లో అక్క ఊపిరి తప్ప ఏ చప్పుడూ లేదు. "సౌండ్ లేకపోతే ఇంకా ఘోరంగా ఉందేమే" అంది.

ఆ రాత్రి అక్క చెప్పిన కథ సినిమాకేమీ తీసిపోదు. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాకులా' నవలని అనుమతి తీసుకోకుండా, పేర్లు మార్చి తీసిన సినిమా అది. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కింది. ప్రింట్లన్నీ నాశనం చేయాలని 1925లో తీర్పొచ్చింది. ఎక్కడెక్కడో మిగిలిపోయిన ప్రింట్ల వల్ల సినిమా బతికి బయటపడింది. రక్తపిశాచి ఎండ తగిలితే చచ్చిపోతాడన్నది కూడా ఈ సినిమాతోనే మొదలు. నవల్లో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు. నూరేళ్లుగా జనం నమ్ముతున్న నియమం ఒకటి, కోర్టు చంపేయమన్న సినిమాలో పుట్టిందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

1930ల్లోకి వచ్చాక 'డ్రాకులా' అధికారికంగానే వచ్చింది. 1931లో టాడ్ బ్రౌనింగ్ తీశాడు, డ్రాకులాగా బేలా లుగోసి వేశాడు. టాకీలు వచ్చిన కొత్త కదా, టైటిల్స్‌లో 'స్వాన్ లేక్' అనే బాలే సంగీతం ముక్క తప్ప అందులో రీరికార్డింగ్ దాదాపు లేదనే చెప్పాలి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ అలాగే ఉండిపోతుంది. ఆ ఖాళీలో పాత ఫిల్ము సుయ్యిమనే చప్పుడొకటి. అక్క ఆ చప్పుడు కోసమే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. చిన్నప్పుడు చెవులు మూసుకున్న మనిషి! ఈ సినిమాకి చాలా ఏళ్ల తర్వాత ఫిలిప్ గ్లాస్ సంగీతం కట్టాడు, ఆ ప్రింటు కూడా దొరుకుతుంది. అక్క దాని జోలికి పోవద్దంది. అక్క మాటే సరైందని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఆ ఖాళీని పూడిస్తే లుగోసి ఒట్టి నటుడైపోతాడు. అదే ఏడాది వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్' టైటిల్స్‌లో రాక్షసుడి వేషం ఎవరిదో వేయకుండా ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకం బోరిస్ కార్లాఫ్.

1940ల గురించి నాకు అప్పటిదాకా ఏమీ తెలియదు. షరతు లేకపోతే ఆ పదేళ్లని దాటేసి ఉండేదాన్ని కూడా. ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే ముందు అక్కడికే పొమ్మంటాను.

వాల్ ల్యూటన్ అని ఒక నిర్మాత. ఆర్కేఓ స్టూడియో ఆయనకి హారర్ విభాగం అప్పజెప్పి మూడు షరతులు పెట్టింది. సినిమాకి లక్షా యాభై వేల డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు మించకూడదు, పేరు స్టూడియోనే ఇస్తుంది. కథ ఆయనిష్టం. అలా 'క్యాట్ పీపుల్' అనే పేరు చేతికిచ్చి సినిమా తీయమన్నారు. రాక్షసుడి వేషాలకి డబ్బుల్లేవు. అందుకని ల్యూటన్, డైరెక్టర్ జాక్ టూర్నర్ కలిసి అసలేమీ చూపించకూడదని నిర్ణయించుకున్నారు. 1942లో వచ్చిందది.

అందులో ఒక సీను ఉంది. రాత్రి పార్కు పక్కన దారిలో ఒకమ్మాయి ఒంటరిగా నడుస్తుంటుంది. వెనకాల ఇంకొకామె. ఇద్దరి చెప్పుల మడమల చప్పుడు టక్ టక్ మని వినిపిస్తుంటుంది. సంగీతం లేదు. ఒక దీపస్తంభం కింద వెలుగు, తర్వాత చీకటి, మళ్లీ వెలుగు. కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోతుంది. ఆమె ఏమైందో మనకి చూపించరు. ముందున్నమ్మాయి ఆగి, వెనక్కి చూసి, నడక పెంచి, పరుగెత్తి, ఒక స్తంభం పట్టుకుని నిలబడుతుంది. అప్పుడు... బుస్సుమని ఒక చప్పుడుతో బస్సొచ్చి ముందు ఆగుతుంది. మృగం గర్జనతో మొదలైనట్టే మొదలై బస్సు బ్రేకులోకి కలిసిపోతుంది ఆ చప్పుడు. అక్క అర క్షణం ముందే కెవ్వుమంది. అక్క కేకకి నేను అరిచాను, నా అరుపుకి అక్క మళ్లీ అరిచింది. ఎడిటర్ మార్క్ రాబ్సన్ చేసిన ఆ పనికి ఇప్పటికీ సినిమావాళ్లు 'ల్యూటన్ బస్' అనే పేరు వాడతారు. దయ్యం అనుకుంటే పిల్లి దూకే సీన్లు మనం వందల్లో చూసుంటాం. వాటన్నిటికీ తల్లి ఆ బస్సు.

ఆ రాత్రి అక్క ఒక మాటంది. "చూశావా, మనల్ని భయపెట్టింది చప్పుడు కాదే, చప్పుడు ఆగిపోవడం." చిన్నప్పటి తన సిద్ధాంతాన్ని తనే సవరించుకుంటోందని నాకు అర్థమైంది.

1950ల్లో 'గాడ్జిల్లా' పెడతానంటే అది హారర్ కాదని నేను గొడవపడ్డాను. 1954 నాటి అసలు జపాన్ సినిమా చూశాక ఇక నోరెత్తలేదు. అది ఆటవిడుపు సినిమా కాదు, కాలిపోయిన ఊళ్ల గురించీ అణుబాంబు గురించీ తీసిన శోకం. అందులో గాడ్జిల్లా అనే రాక్షసబల్లి అరుపు ఏ జంతువుదీ కాదు. సంగీత దర్శకుడు అకీరా ఇఫుకుబే డబుల్ బేస్ తీగలు వదులు చేయించి, జిగురు రాసిన తోలు గ్లవ్‌తో వాటిని లాగించి, ఆ చప్పుణ్ణి నెమ్మది చేశాడు. అది చదివి ఉండి కూడా, ఆ అరుపు వచ్చినప్పుడల్లా అక్క ఫోన్ దూరంగా పెట్టేది.

అదే దశాబ్దంలో విలియం కాసిల్ తీసిన 'ద టింగ్లర్' కూడా చూశాం. 1959లో కొన్ని థియేటర్లలో దానికోసం సీట్ల కింద కంపించే మోటార్లు బిగించారట. కథలో మనిషి వెన్నులో పెరిగే జీవి ఒకటుంటుంది, గట్టిగా అరిస్తేనే అది లొంగుతుంది. ఒకచోట తెర మొత్తం చీకటైపోయి, ఆ జీవి థియేటర్లోకి వచ్చేసింది, ప్రాణాలు దక్కాలంటే అరవండి అని గొంతు వినిపిస్తుంది. అర్ధరాత్రి, ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. అక్క దిండులో మొహం పెట్టుకుని అరిచింది. నేనూ అరిచాను. ఆ నెల మొత్తంలో మేము మనసారా నవ్వుకున్న రాత్రి అది.

1960లో హిచ్‌కాక్ 'సైకో'. దీని గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ఒక్కటి చెప్తాను. స్నానాల గది సీనుకి సంగీతమే వద్దనుకున్నాడట హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ మాట వినకుండా వయొలిన్లతో ఆ కీచు కేకలు రాసి వినిపిస్తే, అప్పుడు ఒప్పుకున్నాడు. సినిమా మొత్తానికి తీగవాద్యాలు తప్ప ఇంకే వాద్యమూ వాడలేదు. కత్తి చప్పుడు పుచ్చకాయ లాంటి ఒక పండుని పొడిచి తీసింది. ఇదంతా విని, అక్క బలవంతం మీద ఆ సీను ఒకసారి సౌండ్ లేకుండా చూశాను. ముక్కలు ముక్కలుగా షాట్లు, అంతే. మళ్లీ సౌండ్ పెట్టాను. చేతిమీద రోమాలు లేచాయి.

కానీ ఆ నెలలో నన్ను కదిలించేసింది 1963 నాటి 'ద హాంటింగ్'. షిర్లీ జాక్సన్ నవల ఆధారం. డైరెక్టర్ రాబర్ట్ వైజ్, ఆ వాల్ ల్యూటన్ దగ్గరే దర్శకత్వం మొదలుపెట్టినవాడు. మేము వరసగా చూస్తూ రాకపోతే ఈ చుట్టరికం మాకు తెలిసేదే కాదు. గురువు దగ్గర నేర్చిన పాఠాన్ని ఇరవై ఏళ్ల తర్వాత శిష్యుడు ఒప్పజెప్పాడు. రెండు గంటల దయ్యాల సినిమాలో దయ్యం ఒక్కసారి కూడా కనిపించదు.

పాడుబడ్డ భవంతిలో ఒక గదిలో ఇద్దరాడవాళ్లు. రాత్రి వరండాలో ఎక్కడో దూరంగా గోడని ఎవరో బాదుతున్న చప్పుడు. ఒక్కో దెబ్బా దగ్గరవుతుంది. ఇద్దరూ మంచమ్మీద ఒకరినొకరు గట్టిగా పట్టుకుని కూర్చుంటారు. చప్పుడు వాళ్ల తలుపు దగ్గరికొచ్చి ఆగుతుంది. కెమెరా తలుపునే చూస్తుంటుంది, చెక్కమీది నగిషీల వెంట మెల్లగా కదులుతూ. గుండ్రటి పిడి కొద్దిగా తిరుగుతుంది. ఇంకేం లేదు. నిజంగా ఇంకేం లేదు. ఇద్దరు మనుషులు, ఒక తలుపు.

అక్క ఆ సీన్లో ఊపిరి కూడా వినిపించనివ్వలేదు. నాకేమో ఆ ఇద్దరూ మేమిద్దరమే అనిపించారు. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుళ్లు ఒకే దుప్పట్లో ముడుచుకుని, బయట ఏ చప్పుడైనా "అదేంటో నువ్వు చెప్పు" అంటే "నువ్వే చెప్పు" అనుకునేవాళ్లం. తుప్పుపట్టిన గేటు, ఎండాకులు, గాలి... అక్క ప్రతి చప్పుడుకీ ఒక కారణం చెప్పేది. నాకు నిద్రపట్టేదాకా చెప్తూనే ఉండేది. సినిమా ఎలా తీశారో ఇప్పుడు వివరించే గొంతూ ఆనాటి గొంతూ ఒకటేనని ఆ రాత్రే తట్టింది నాకు. తన భయం తగ్గించుకోవడానికి చదువుతోందనుకున్నాను. అక్కకి ఆ అలవాటు మొదలైందే నాకోసం. సినిమా అయ్యాక "ఫోన్ పెట్టేయకే, అలా ఉంచు" అంది. ఆ రాత్రి కబుర్లేమీ చెప్పలేదు. నేనే గాలి గురించీ గేటు గురించీ ఏదో మాట్లాడాను. ఫోన్ ఎప్పుడు కట్ అయిందో ఇద్దరికీ తెలియదు.

1970లు వేరే లోకం. 'ది ఎక్సార్సిస్ట్' 1973లో వచ్చింది. దయ్యం పట్టిన చిన్నపిల్ల గదిలో నటుల నోట్లోంచి వచ్చే ఆవిరి నిజంది, సెట్టుని గడ్డకట్టేంత చల్లగా చేసి తీశారు. దయ్యం గొంతు ఆ చిన్నపిల్లది కాదు, మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్ అనే ఆస్కార్ పొందిన నటిది. 1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్'. రీరికార్డింగ్ లేని ప్రింటుని ఒక స్టూడియో అధికారికి చూపిస్తే ఆమెకి భయమే వేయలేదట. దాంతో కార్పెంటర్ తనే కూర్చుని పియానో మీద ఆ బాణీ కట్టాడు. అయిదు దెబ్బల లయ, చిన్నప్పుడు వాళ్ల నాన్న బొంగో డ్రమ్ముల మీద నేర్పింది. మామూలుగా మన చెవి నాలుగు కోరుకుంటుంది. అయిదోది వచ్చి పడేసరికి కాలు తడబడ్డట్టుంటుంది. హంతకుడి ముసుగు 'స్టార్ ట్రెక్' సీరియల్లో కెప్టెన్ కర్క్ పాత్ర మాస్కే, తెల్లరంగు పూసి కళ్ల రంధ్రాలు పెద్దవి చేశారు. అక్క ఆ బాణీని రింగ్‌టోన్‌గా పెట్టుకుంది. ఆ నెలాఖరుకి నాకు అక్క ఫోన్ చేసినా భయమేసేది, నేనూ అదే పెట్టుకున్నాను కాబట్టి.

1980ల మీద నాకంత ప్రేమ లేదు, తొందరగా చెప్పేస్తాను. 'ద షైనింగ్', 'ది ఈవిల్ డెడ్', 'ద థింగ్' చూశాం. ఆ కాలంలో మేకప్, రబ్బరు, కృత్రిమ రక్తం రాజ్యమేలాయి. చూపించకూడదన్న పాఠాన్ని పక్కనపెట్టి, అంతా చూపించేశారు. 'ద థింగ్'లో రాబ్ బొటీన్ చేసిన మేకప్ పనికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాల్సిందే, అప్పటికి అతనికి ఇరవై రెండు ఇరవై మూడేళ్లు. ఆ సినిమాకి మాత్రం అక్క కళ్లు మూసుకుంది. నేను చూశాను.

1990లకి అక్క మొదట చెప్పిన పేరు 'రాత్రి'. రామ్‌గోపాల్ వర్మ 1992లో తెలుగులోనూ, 'రాత్' పేరుతో హిందీలోనూ తీసింది. మనం చిన్నప్పుడే చూసేశాం కదక్కా, షరతు ఒప్పుకోదు అన్నాను. "నేను చూశానే గానీ విన్లేదు కదే" అంది. నిజమే! మొత్తం సినిమా చెవులు మూసుకునే చూసింది. నేనేమో సగం కళ్లు మూసుకుని విన్నాను. ఇద్దరిదీ కలిపితే ఒక సినిమా అవుతుందేమో గానీ, విడిగా ఇద్దరం చూడనట్టే లెక్క. షరతు ఒప్పుకుంది. రేవతి మొహంలో ఎప్పుడేం మారుతుందో కనిపెట్టుకుని ఉండటమే ఆ సినిమా. అక్క అన్నేళ్ల తర్వాత మొదటిసారి మణిశర్మ రీరికార్డింగ్ వింది. సినిమా అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. "నేను అప్పట్లో చెవులు మూసుకుని మంచి పనే చేశాను. విని ఉంటే తట్టుకునేదాన్ని కాదు" అంది.

1998 నాటి జపాన్ సినిమా 'రింగు' మా ఇద్దరి పాత వాదనకి ముగింపు పలికింది. టీవీలోంచి బయటికొచ్చే సడకో అనే దయ్యం నడకలో ఏదో తేడా ఉంటుంది, ఏంటో చెప్పలేం. నటి వెనక్కి నడుస్తుంటే తీసి, ఆ ఫిల్ముని తిరగేసి నడిపించారు. అందుకే ఆ శరీరం మన కళ్లకి మనిషిలా అనిపించదు. అక్కకి ఇదంతా ముందే తెలుసు. తెలిసినా అరిచింది. నాకు తర్వాత తెలిసింది. తెలిశాక మళ్లీ ఆ సీను చూశాను, ఈసారి అడుగు ఎక్కడ తిరగబడుతోందో గమనిస్తూ. ఇంకా ఎక్కువ భయమేసింది. కిటుకు తెలిస్తే భయం పోతుందని అక్క, సరదా పోతుందని నేను. రెండూ జరగలేదు. ఆ మర్నాటి నుంచి నేను కూడా సినిమాకి ముందే చదవడం మొదలుపెట్టాను.

2000ల్లో 2003 నాటి కొరియా సినిమా 'ఎ టేల్ ఆఫ్ టూ సిస్టర్స్' ఉంది. కిమ్ జీ ఉన్ తీసింది, అక్కాచెల్లెళ్ల గురించి కొరియాలో తరాలుగా చెప్పుకునే జానపద కథ ఆధారం. కథ చెప్పను, ఏమీ తెలియకుండా చూడాల్సిన సినిమా అది. పేరు చూసి సరదాగా పెట్టుకున్నాం. చివరికొచ్చేసరికి ఇద్దరికీ కళ్లనీళ్లు ఆగలేదు. దయ్యాల సినిమా చూసి ఏడుస్తామని ఎవరు అనుకుంటారు? హారర్ అంటే తక్కువ రకం సినిమా అని మాట్లాడేవాళ్లకి నేను ఆ సినిమా పేరే చెప్తుంటాను. పోయిన మనుషుల మీద బెంగని అంత లోతుగా చూపించిన మామూలు కుటుంబ కథలు నేను ఎక్కువ చూడలేదు.

2010ల్లో మంచి సినిమాలు ఎన్ని ఉన్నాయో, మూడే ఎంచుకోవడం పెద్ద శిక్ష. 2018లో వచ్చిన 'ఎ క్వయిట్ ప్లేస్' మాత్రం అక్క కోసమే తీసినట్టుంది. చప్పుడు చేస్తే చచ్చిపోతారు, కథంతా అదే. చెవులు వినపడని కూతురిగా వేసిన మిలిసెంట్ సిమండ్స్‌కి నిజంగానే వినపడదు. ఆ అమ్మాయి వైపు నుంచి చూపించినప్పుడు సినిమాలో సౌండ్ దాదాపు పోతుంది. అలాంటి ఒక చోట అక్క మెల్లగా, "ఇప్పుడు నేను చెవులు మూసుకున్నానే, ఏం తేడా లేదు" అంది.

ఇక మిగిలింది 31 రాత్రి. నేను 'ద హాంటింగ్' మళ్లీ చూద్దామన్నాను. చూసింది చూడకూడదని షరతు గుర్తుచేసింది అక్క. రెండ్రోజులు తర్జనభర్జన పడ్డాక తనే వెతికి పట్టుకుంది, 1931 నాటి స్పానిష్ 'డ్రాకులా'. ఆ రోజుల్లో డబ్బింగ్ ఇంకా కుదురుకోలేదు. అందుకని పగలంతా లుగోసి బృందం ఇంగ్లిష్‌లో తీసి వెళ్లిపోతే, రాత్రి అవే సెట్లలోకి వేరే నటులు, వేరే డైరెక్టర్ వచ్చి అదే కథని స్పానిష్‌లో తీసేవారు. కార్లోస్ విల్లారియాస్ డ్రాకులా, లుపీటా టోవార్ కథానాయిక. ఆమె 106 ఏళ్లు బతికి 2016లో కన్నుమూసింది.

అవే మెట్లు, అదే సాలెగూడు, అవే శవపేటికలు. కానీ ఇంగ్లిష్‌లో కెమెరా ఆగిపోయిన చోట ఇక్కడ కదులుతూ మెట్లెక్కుతుంది. నిడివి కూడా దాదాపు అరగంట ఎక్కువ. కెమెరా విషయంలో స్పానిష్‌దే పైచేయి అని నేను, లుగోసి లేని డ్రాకులా డ్రాకులానే కాదని అక్క. తెల్లవారుజాము దాకా వాదించుకున్నాం. ఒకరు చెప్పిన సీనుని ఇంకొకరు వెతికి తీసి, రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకుని, షాటు తర్వాత షాటు పోల్చి చూశాం. అక్క ఇప్పటికీ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. వచ్చే ఏడాది షరతు మాత్రం ఆ ఉదయమే ఖాయమైంది: ఒకే కథని రెండుసార్లు తీసిన సినిమాలు, జంటలు జంటలుగా.